కందకుర్తి గులకరాళ్లు

మా అత్తవారింటి పూజాపెట్టెలో పంచాయతనమునకు చెందిన యైదు రాళ్లు గలవు. శివునకు నర్మదానది బాణలింగము, విష్ణువునకు గండకీనది సాలగ్రామము, వినాయకునకు శోణానదిలో దొరకు ఎఱ్ఱరాయి, అంబికకు మన స్వర్ణముఖీనది రాయి, సూర్యునకు స్ఫటికము. వీనికి కన్నులు లేవు, ముక్కులు లేవు. శిల్పి యులి సోకిన జాడ లేదు. స్ఫటికమును విడిచినచో తక్కిన నాలుగును నదులు తీర్చిన రూపములే. నది తన దారిని తాను దొర్లించి, అంచుల గరుకును తీసి, నునుపు చేసి యొడ్డున బెట్టగా మన పెద్దలు వంగి యేరి తెచ్చుకొనిరి. కావున నదీతీరమున రాళ్లేరుటను పిల్లచేష్టయని నవ్వువారికి నేను మొదట ఈ పెట్టెను తెఱచి చూపుదును.

ఇప్పుడు నేను వ్రాయబూనినది మాత్రము దేవతామూర్తులను గూర్చి కాదు. ఆ నదీశిలలకు చుట్టమే యగు మఱియొక రాతిని గూర్చి. ఇంగ్లీషున దానిని అగేట్ అందురు. ఉర్దూ మాటాడువారును గుజరాతీ వర్తకులును అకీకు అందురు. మన సామాన్యజనము గులకరాయి యని కాలితో త్రోసి నడచిపోవుదురు. కొందరు గోమేధికమని పిలుతురు గాని యది సరికాదు. నవరత్నములలోని గోమేధికము తేనెవన్నె గల వేఱొక జాతి. అగేట్ అను పేరు సైతము ఒక నది పేరే. సిసిలీ ద్వీపమున అఖాటీస్ అను నది యొడ్డున దొరకుటచే ఆ పేరు కలిగెనని క్రీస్తునకు పూర్వమే థియోఫ్రాస్టస్ అను గ్రీకు పండితుడు తన శిలాగ్రంథమున వ్రాసియున్నాడు.

కోనసీమలో పుట్టి పెరిగిన నాకు గోదావరి యనగా ఇసుక, ఒండ్రు, కొబ్బరినీడ. అక్కడ నదిలో రాయి కావలెనన్న రేవుమెట్టు నూడబెఱుకవలసినదే. మా వారి యుద్యోగమునుబట్టి నిజామాబాదు చేరిన పిదప గాని ఆ నదికే రాళ్లును గలవని నే నెఱుగను. నిజామాబాదు జిల్లా రెంజల్ మండలములో కందకుర్తి యను గ్రామము గలదు. మహారాష్ట్రమును దాటి గోదావరి తెలంగాణమున నడుగిడు తావు అదియే. బాలాఘాట్ కొండలలో పుట్టి, బీదరు ప్రాంతమును చుట్టి వచ్చు మంజీర యక్కడనే గోదావరిలో కలియును. హరిద్ర యను చిన్న యేరును చేరుటచే త్రివేణీసంగమమని పేరు. నీటిలోనికి చొచ్చుకొనిపోయినట్లున్న పాత శివాలయము వరదకాలమున మునిగి వేసవిని తేలును. దిగువను పోచంపాడు వద్ద కట్టిన శ్రీరాంసాగరము నీరు వెనుకకు తన్ని బాసర వరకు నిండును గనుక వానకాలమునందును చలికాలపు తొలినాళ్లయందును రాయి కంటబడదు. మాఘము దాటి నీరు తీసినపుడు ఇసుకమేటల నడుమ గులకఱాళ్ల పట్టెలు బయటపడును. బాసర సరస్వతీదేవి సన్నిధిని మా చిన్నదానికి అక్షరాభ్యాసము చేయించి వచ్చునపుడు మేము తొలిసారి కందకుర్తి చేరితిమి. అటుపై నేటా వెళ్లుచునే యున్నాము.

అంత రాశిలో అకీకును పోల్చుట యెట్లని మీరడుగుదురు. నేను నేర్చిన కిటుకు సులభమైనది. ఉదయముగాని, ప్రొద్దు వాలిన పిమ్మటగాని, సూర్యునకెదురుగా మెల్లగా నడువవలెను. వెలుగు వంకరగా తాకునపుడు బసాల్టను నల్లరాయి నల్లగనే యుండును; అకీకు మాత్రము లోపల చిన్నదీపము పెట్టినట్లు అంచున మెఱయును. ఏరి తీసి నీట ముంచిన మఱింత స్పష్టమగును. పొడిగా నున్నపుడు బూడిదవన్నె బంగాళాదుంపవలె పైన గుంటలతో నుండునది, తడియగానే తెలుపు, పొగవన్నె, తేనెవన్నె చారలతో చీరయంచువలె విచ్చుకొనును. కొన్నిటిపై పచ్చని పెంకు మిగిలియుండును. చారలు లేక మంచుగడ్డవలె నున్నది కాల్సిడనీ. అదియును ఆ కులమే. ఎఱ్ఱనై, వెలుగును చొరనీయనిది జాస్పరు. తెల్లనై మెత్తగా నుండి నిమ్మరసపు చుక్క వేయగా నురుగుగ్రక్కునది కాల్సైటు. దానిని అక్కడనే విడువుడు. మఱియొక పరీక్ష కూరలు తరుగు చాకు. 1812లో ఫ్రెడరిక్ మోస్ అను పండితుడు రాళ్ల గట్టిదనమునకు ఒకటి మొదలు పది వరకు మెట్లు కట్టెను. పదవ మెట్టు వజ్రము. చాకు ఐదు, ఆరు మెట్ల నడుమ నుండును. అకీకు ఏడింటికి చేరువ. కావున చాకు దానిని గీయజాలదు, అది గాజును గీయగలదు. చేతిగాజులపై మాత్రము పరీక్షింపకుడు!

మొదటియేట నేనట్లు వంగి నడచుచుండగా మేకలను తోలుకొని వచ్చిన యొక ముదుసలి నిలిచి, "ఏం దేవులాడుతున్నవు బిడ్డా? ముక్కుపుడక గిట్ల పోయిందా?" యని యడిగెను.

"లేదవ్వా, రాళ్లేరుకుంటున్నాను" అంటిని.

ఆమె నా సంచిలోనికి తొంగిచూచి, "గీ రాళ్లా! గియి మా రేగడి శేన్ల గంపలకు గంపలున్నయి. దున్నినప్పుడల్ల ఏరి గట్టు మీద పోసుడే. గియి దలిగి మా నాగలికర్రు ఇరిగింది" అని, మఱల నన్నొకమారు జాలిగా చూచి పోయెను.

ఆ యవ్వ మాటలో భూగర్భశాస్త్రమంతయు నిమిడియున్నదని మా వారు తరువాత విప్పి చెప్పిరి. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములకు పూర్వము నేడు మహారాష్ట్రమనబడు దేశమున నేల బీటలువాఱి, కరగిన రాతిద్రవము పొరలు పొరలుగా పాఱెను. అది చల్లారి గట్టిపడి దక్కను ట్రాప్ అయ్యెను. ట్రాప్ అను మాట స్వీడను భాషలో మెట్టు. ఆ కొండలు మెట్లవలె నుండుటచే నా పేరు. ద్రవము చల్లారునపుడు లోపలి వాయువు బుడగలు బుడగలుగా చిక్కుకొనెను. తరువాత నీరు రాతిలోని సిలికాను కరగించి ఆ బుడగలలోనికి కొనిపోయి, గోడకు సున్నము పూతపై పూత వేసినట్లు, పొరపై పొర పేర్చెను. ఆ పొరలే మనకు కనబడు చారలు. నల్లరాయి యెండకు వానకు చివికి మన్నగును. అదియే మన నల్లరేగడి. ఆ నేలకు శాస్త్రజ్ఞులు పెట్టిన రెగూర్ అను పేరు మన తెలుగు రేగడయే. రాయి మన్నయినను దాని కడుపులోని అకీకు చివుకదు, గింజవలె మిగిలిపోవును. అందుచే నాగలికి తగులును, వాననీట కొట్టుకొని యేటికి చేరును. గోదావరి త్ర్యంబకము మొదలు ఇక్కడివరకు నడచునది దాదాపు నా నల్లరాతిదేశముననే. నిజామాబాదు, నిర్మలు ప్రాంతములందు మాత్రమే కాక వికారాబాదు, తాండూరు, జహీరాబాదు వైపునను ఈ ట్రాప్ నేల గలదు గనుక ఆ ప్రాంతపు సోదరీమణులకు చేనిగట్టులే చాలును.

ఈ రాయిని మనవారు ఎల్లప్పుడును గట్టుపై పాఱవైచినవారు కారు. క్రీస్తుశకము 1వ శతాబ్దిలో పేరు తెలియని యొక గ్రీకు వర్తకుడు వ్రాసిన పెరిప్లస్ అను నౌకాయానగ్రంథమున పైఠాను పట్టణపు ప్రస్తావన గలదు. పైఠాన్ అనగా ప్రతిష్ఠానము, శాతవాహనుల రాజధాని, ఈ గోదావరి యొడ్డుననే కందకుర్తికి ఎగువ నున్నది. అక్కడినుండి బరుకచ్ఛపు రేవునకు, ఇరువది దినముల ప్రయాణము, దారిలేని తావులగుండ బండ్లపై ఈ జాతి చారలరాళ్లను విస్తారముగా తోలుచుండిరట! అటుపై నావలెక్కి పడమటిదేశములకు పోవుచుండెను. మన తెలుగునాటను సంగారెడ్డి జిల్లా కొండాపురమున 1940 ప్రాంతమున గులాం యజ్దానీగారి ఆధ్వర్యమున జరిగిన త్రవ్వకములలో శాతవాహనకాలపు నాణెములతోపాటు రంగురాళ్ల పూసలు బయల్పడెను. అక్కడి ప్రదర్శనశాలలో ఆ పూసలను చూచినపుడు, రెండువేల యేండ్లకు పూర్వపు స్త్రీ కంఠమున నిలిచినది నేడు నా సంచిలో నున్న రాతికి బంధువే కదా యని తోచి, నేను చాలసేపు అద్దము నొద్ద నిలిచిపోయితిని. మా వారు రెండుమారులు పిలిచిరట, నాకు వినబడలేదు.

గరుడపురాణమునందలి రత్నపరీక్షాధ్యాయములలో బలాసురుని దేహమునుండి రత్నములన్నియు పుట్టినట్లు కథ గలదు. అందు రుధిరాఖ్యమను రత్నము నర్మదయందు పడెనని చెప్పబడినది. దానిని కెంపువన్నె అకీకుగా పండితులు కొందరు గుర్తింతురు. కథ యెట్లున్నను తావు మాత్రము సరిపోయినది. నర్మద దిగువన రతన్‌పుర ప్రాంతము నేటికిని అకీకు గనులకు ప్రసిద్ధము.

ఇక ఇంటిమాట. తెచ్చిన రాయి తడిసినపుడున్న సొగసు ఆరగానే పోవును. ఆ తడినిగ్గును శాశ్వతముగా నిలుపుటయే సానపట్టుట. నది వేనవేలేండ్లలో చేయు పనిని నెలదినములలో చేయు చిన్న పీపాయంత్రములు నేడు దొరకుచున్నవి. మాది కిలోన్నర బరువు పట్టునది. రబ్బరుపూత గల పీపా రెండు కడ్డీలపై పండుకొని విద్యుత్తుతో మెల్లగా దొర్లుచుండును. అంతకన్న వింత లేదు. పీపాలో మూడింట రెండుపాళ్లు మొదలు ముప్పాతిక వరకు రాళ్లు నింపవలెను. తక్కువైనచో ఒకదానినొకటి కొట్టుకొని పగులును, ఎక్కువైనచో దొర్లవు. పెద్దవి, చిన్నవి కలిసియుండవలెను గాని గట్టిదనము మాత్రము ఒకటే కావలెను. అకీకులతో సున్నపురాయిని కలిపితిరా, నెల తిరుగునప్పటికి సున్నపురాయి కనబడదు. పగులు గల రాయి నెంత ముద్దుగా నున్నను తీసివేయవలెను. అది లోపల విఱిగి తక్కినవానిని గీయును. పై వరుస రాళ్లకు కొంచెము దిగువ వరకు నీరు పోసి, నాలుగు పెద్ద చెంచాల సానపొడి వేసి, మూత బిగింపవలెను.

ఆ పొడి పేరు సిలికాన్ కార్బైడు, బజారులో కార్బొరండము. 1890 తరువాత అమెరికాలో ఎడ్వర్డు ఆచిసన్ అనునతడు దీనిని కనిపెట్టి, ఇది కర్బనమునకును కొరండమునకును పుట్టిన బిడ్డయని తలచి ఆ పేరు పెట్టెను. ఆ కొరండము మాటయో మన కురువిందమునుండి పోయినదే. అంగడివాడు ఆంగ్లనామము చెప్పి యిచ్చిన డబ్బాలో నాకు సంస్కృతపదము కనబడి నవ్వు వచ్చినది.

పొడిలో నాలుగు తరగతులు గలవు. 60/90 ముతక, 120/220 నడిమిది, 500 సన్నము, తుదకు మెఱుగుపొడి. ఇది అల్యూమినియం ఆక్సైడు. అంకె యనగా అంగుళమునకు జల్లెడకన్నులెన్నియో తెలుపునది. అంకె పెరిగినకొలది పొడి మెత్తన. ఒక్కొక్కదానికి సుమారు వారము, రేయింబవళ్లు దొర్లవలెను. ముతకపొడి మాత్రము రెండు, మూడు వారములు పట్టినను తొందరపడరాదు. రాయి రూపు తీరునది అప్పుడే. అక్కడ మిగిలిన గుంట తుదివరకు గుంటయే. తరగతి మాఱినప్పుడెల్ల రాళ్లను, పీపాను, మూతను, చేతులను, గోళ్లసందులను సైతము బాగుగా కడుగవలెను. ముతకరేణువు ఒక్కటి మెఱుగుపొడిలో పడినను వారము శ్రమ గీతలపాలగును. ఈ నియమమును మా వారు రెండుమారులు విన్నను మఱచిరి. మడియాచారమున నలువదియేండ్లు గడపిన మా అత్తగారు మాత్రము వినగానే, "ఓహో, ముతకపీపా ముట్టుకున్న చేత్తో మెరుగుపీపా ముట్టుకోకూడదన్న మాట. ఇందులో చెప్పడానికేముందీ!" అనిరి. ఆనాటినుండి కడుగుడు పర్యవేక్షణ యామెదే. మా పెరటి వసారాలో పీపా చేయు గరగరధ్వనికి మొదట విసిగికొనినవారును ఇప్పుడు కరెంటు పోయి యది యాగినచో నిద్రలో లేచుచున్నారు.

ఆ విధముగా తేలిన యొక తేనెచారల రాతిని మఱుసటియేడు నేను కందకుర్తి యవ్వకు చూపితిని. ఆమె దానిని త్రిప్పి త్రిప్పి, కొంగున తుడిచి, ఎండకు పట్టి, "గిది గా రాయేనా?" యనెను. నెలదినములు కడిగినానంటిని. "నెల దినాలు గట్ల కడిగితె నేను సుత మెరుస్త" నని నవ్వి, రాతిని మాత్రము తిరిగి యీయలేదు. నేనును అడుగలేదు.

ఇంతవరకు వినోదము. ఇక చెప్పవలసిన మాట యొకటి గలదు.

మా రాళ్లను చూచిన మిత్రులొకరు, నెలలకొలది దొర్లించుట యెందులకు, విద్యుత్తుతో తిరుగు సానచక్రము నొకదానిని వసారాలో బిగించినచో గంటలో పది పూసలు తేలును, అమ్ముకొనవచ్చును గూడ అనిరి. మాటలో ఆశ లేకపోలేదు. ఉపాధ్యాయుని యింటికి పైరాబడి చేదు కాదు. కాని మా చిన్నదానికి ఉబ్బసము గలదు. రాతిపొడిని గూర్చి తెలిసికొనకుండ ఇంట చక్రము పెట్టుటకు నా మనసొప్పలేదు. చదివినకొలది తెలిసినది గుజరాతునందలి ఖంభాతు కథ.

అకీకుపనికి ఖంభాతు పుట్టినిల్లు. దానికి చేరువనున్న లోథాలున, 1955 మొదలు ఎస్. ఆర్. రావుగారు త్రవ్వించినపుడు, సింధునాగరకతకాలపు పూసల కార్ఖానా బయల్పడెను. నాటినుండి నేటివరకు ఆ ప్రాంతమున చేయి మాఱుచు వచ్చిన విద్య యిది. పచ్చనిరాళ్లను కుండలలో బెట్టి కాల్చి, వానిలోని యినుము రంగు మాఱి యెఱుపెక్కునట్లు చేయుదురు. ఇనుపమేకు కొనకు ఆనించి, కొమ్ముతలగల సుత్తితో తట్టి చెక్కుదురు. పూర్వము పూసలను సానపొడితో కూడ తోలుసంచిలో పోసి, ఇరువురు మనుష్యులు ఎదురెదురుగా నుండి ఆ సంచిని దినములకొలది ఇటునటు లాగుచుండెడివారు. మన పీపాకు తాత ఆ తోలుసంచియే. ఇంతవరకు చదువ ముచ్చటగనే యుండును.

విద్యుత్తుచక్రము వచ్చిన పిదప పని వేగమయ్యెను. పొడియు గాలిలోనికి లేచెను. అకీకు దాదాపు పూర్తిగా సిలికాయే. కంటికి కనబడని ఆ ధూళి ఊపిరితిత్తులలో చేరి పాతుకొనును; తిత్తి గట్టిపడి మచ్చలువాఱును. సిలికోసిస్ అను ఆ వ్యాధిని నయముచేయు మందు నేటికిని లేదు. క్షయ దానికి తోడగును. అహమ్మదాబాదునందలి జాతీయ వృత్త్యారోగ్యసంస్థవారు ఖంభాతు చక్రములపై పనిచేయువారిలో ఈ వ్యాధిని పరీక్షించి నిరూపించిరి. పని యిండ్లలోనే జరుగును గనుక కార్ఖానాల చట్టపు నీడ వారిపై బడదు. చక్రము త్రిప్పువాడే కాదు, ప్రక్కన వంటచేయు నిల్లాలును, ఇరుగుపొరుగువారును ఆ గాలినే పీల్చుదురు. చేరువనున్న షకర్‌పురమను గ్రామము పేరు రాతికంటె ఈ రోగముతోనే పత్రికలకెక్కినది. అది చదివిన నాటినుండి సంతలో చౌకగా దొరకు ఎఱ్ఱపూసలదండను చేతబట్టినపుడు నాకు వెల తక్కువయన తోచుటలేదు.

మా వసారాలోనికి చక్రము రాలేదు. పీపాలో రాయి నీటమునిగి తిరుగును గనుక ధూళి లేవదు. కావుననే అది నిదానమైనను నాకు సమ్మతము. అందును జాగ్రత్తలు కొన్ని తప్పవు. పీపానుండి వెడలు బురదను ఆరనీయరాదు. ఆరినచో అదియును ధూళియే. ఆరినదానిని చీపురుతో నూడ్వక తడిగుడ్డతో నెత్తవలెను. తూమున పోసితిరా, సిమెంటువలె గడ్డకట్టి గొట్టము మూసికొనును. పెరటిలో గోయి త్రవ్వి పోసి మన్ను కప్పుడు. రాతిని సుత్తితో పగులగొట్టవలసివచ్చిన తడిపి, గోనె కప్పి, కన్నులకద్దములు పెట్టుకొని కొట్టుడు. పీపామూతను రోజున కొకమారు సడలించి చూడుడు. అప్పుడప్పుడు లోపల వాయువు చేరి మూత యెగురును.

ఎంత తేవలెనను దానికి మా యింట కొలత యొకటి గలదు: మనిషికొక దోసిలి. బస్తాలతో నెత్తుకొనిపోవుట వినోదము కాదు, వ్యాపారము. దానికి ప్రభుత్వపు టనుమతి వేఱు. ఆలయపు ఆవరణనుండిగాని, పురావస్తుశాఖవారు రక్షించు దిబ్బలనుండిగాని ఒక్కరాయియు తీయరాదు. అచ్చట చారలరాయి దొరకెనా, అది పూర్వుల పూసయో, చెక్కిన పనిముట్టో కావచ్చును. చేనిగట్టున ఏరునపుడు రైతు నడిగి యేరుడు. అడుగగా కాదన్నవారు మాకింతవరకు తారసపడలేదు. గంప కూడ నిచ్చి పంపుదురు.

కందకుర్తికి నిజామాబాదునుండి రోడ్డుదారి గలదు. రైలున వచ్చువారు బాసర స్టేషనున దిగి దేవీదర్శనము చేసికొని రావచ్చును. ఫాల్గుణము మొదలు వైశాఖమువరకు అనుకూలము. ఎండ ముదురకముందే నదిని చేరి, తొమ్మిదింటికెల్ల నీడకు తిరిగి రావలెను. ఇసుక చూచుటకు చదునుగా నున్నను మడుగులు లోతు. పిల్లల చేయి విడువకుడు. మంచినీరు, తలకు తుండుగుడ్డ, రాళ్లకు బట్టసంచి. తడిపి చూచుటకు గోదావరి యుండనే యున్నది.